వఫ్రాలో పాద్రే వేషం

ఆ వేషం నాకు దక్కింది ముక్కు వల్ల. నటన వల్ల కాదు, భక్తి వల్ల అసలే కాదు. మా వంశంలో పొలాలు పోయాయి, పాడి పోయింది, పెద్దరికం పోయింది. ముక్కును మాత్రం ఎవడూ ఎత్తుకుపోలేదు. ఒకరోజు దోసకాయల షెడ్డులో రొడెల్ నన్ను పక్కనుంచి చూసి, చేతిలో కాయ కింద పెట్టి, "బాస్, నువ్వు అచ్చం స్పెయిన్ వాడిలా ఉన్నావు" అన్నాడు. రాయచోటి దగ్గర పుట్టినవాణ్ణి. ఇన్నేళ్ళలో నన్ను రకరకాల మాటలన్నారు గానీ ఆ మాట ఎవరూ అనలేదు.

రొడెల్ ఫిలిప్పీన్స్ మనిషి. కువైట్‌లోని వఫ్రాలో మేం పనిచేసే తోటకు సూపర్‌వైజర్. దోస, టమాటా పండే గ్రీన్‌హౌస్‌లన్నీ అతని కింద ఉంటాయి. ఆ కూరగాయల్ని మార్కెట్టుకు మోసే పికప్ డ్రైవర్ని నేను, పేరు ఈశ్వరయ్య. మేమిద్దరం సగం హిందీలో, సగం ఇంగ్లీషులో మాట్లాడుకుంటాం. ఒక ఎండాకాలం నేను పికప్ పక్కన విరుచుకు పడిపోతే, నన్ను భుజాన వేసుకుని నీళ్ళ తొట్టిలో ముంచి బతికించింది రొడెలే. అందుకని అతనేదైనా అడిగితే కాదనడం నాకు చేతకాదు. ఆ సంగతి తెలిసే అడుగుతాడు, దొంగ.

కువైట్‌లో ఎక్కడెక్కడో పనిచేసే వాళ్ళ దీవి మనుషులంతా ఏడాదికొక శుక్రవారం మా తోటలో కలుస్తారు. పంది దొరకదు కాబట్టి కోళ్ళు కాల్చుకుంటారు. పాటలు పాడతారు. ఆ తర్వాత నాటకం. కథ ఎప్పుడూ ఒకటే. వందల ఏళ్ళ కిందట స్పెయిన్ రాజు ఓడలు వాళ్ళ దీవికి వచ్చాయి. ఓడలో సిపాయిలు, సిపాయిల వెనక ఒక పాద్రే, అంటే చర్చి ఫాదరు. దీవివాళ్ళు చెట్టుకూ రాయికీ బొమ్మకూ మొక్కుకుంటుంటే ఆయన దిగి, వాళ్ళ బొమ్మను సుత్తితో పగలగొట్టి, "ఇప్పుడు మీ దేవుడెక్కడ?" అని అడుగుతాడు. ఎవరికీ జవాబు రాదు. అందరూ మోకాళ్ళ మీద కూలబడతారు. ఆయన నీళ్ళు చల్లుతాడు. చప్పట్లు, ఆపైన కోడి.

దీవివాళ్ళ వేషాలకు ఫిలిప్పీనోలు కొట్టుకు చస్తారు. ఈకలు, రంగులు, ఈటెలు ఉంటాయి మరి. పాద్రే వేషానికి ఒక్కడూ ముందుకు రాడు. ఎండలో ఆ నిలువుటంగీ మొయ్యాలి, పైగా "పాద్రే, నా పాపాలు విను" అని ఏడాదంతా ఆటపట్టిస్తారు. ఇంతకుముందు ఆ వేషం కట్టిన గోవా ఆయన, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం గడువు తీరిపోయి ఇంటికి వెళ్ళిపోయాడు.

"నేను హిందువును కదా రొడెల్" అన్నాను.

"ఏం పర్లేదు బాస్. ఆ పాద్రే కూడా మావాడు కాదు" అన్నాడు.

నాకు దేవుళ్ళతో పెద్ద పేచీ లేదు. మా జేజి, నాయన తల్లి, కరువు రోజుల్లో ఆదివారం చర్చికి పోయి ఫాదర్ ఇచ్చే పాలపొడి తెచ్చుకునేది, మంగళవారం గంగమ్మకు కోడిని కోసేది. ఇదేమిటని అడిగితే, "ఆయప్పది పాలపొడి, ఈయమ్మది కోడి. వాళ్ళిద్దరికీ లేని తగువు నీకెందుకురా?" అనేది. ఆమెను చూస్తే ఫాదరు తల పట్టుకునేవాడట. ఆ దీవిలో దిగిన పాద్రేలు ఇలాంటి ముసలమ్మల చేతుల్లో ఎంత నలిగిపోయి ఉంటారో పాపం. సుత్తి పట్టుకుని తిరిగారంటే ఊరికే తిరగలేదు.

అంగీ కుట్టింది అంకాలమ్మ. యజమాని కుటుంబం సెలవులకు వచ్చి ఉండే ఇంట్లో ఆమె వంటమనిషి. మా ఇద్దరివీ పక్కపక్క ఊళ్ళు. ఆ ఇంటావిడను పనివాళ్ళంతా మామా అంటారు. ఆవిడ పారెయ్యమన్న గోధుమరంగు పరదాను అంకాలమ్మ కత్తిరించి కుట్టి, నాకు తొడిగి, చుట్టూ తిరిగి చూసింది. "పాద్రే మాదిరి లేవు సామీ. కిటికీ మాదిరి ఉండావు" అంది. నడుముకు తాడు లేకపోతే డ్రిప్పు పైపు ముక్క చుట్టారు. ఓడ నా పికప్పే. రొడెల్ నన్ను నడినెత్తిన గుండ్రంగా గొరిగించుకోమన్నాడు, ఆ కాలపు పాద్రేలు అలా ఉండేవారట. నేను ససేమిరా అన్నాను. మొక్కు లేకుండా గుండు గీయించుకుంటే అది ఏ దేవుడి ఖాతాలో పడాలి? రేపు కొండమీదాయన అడిగితే ఏం చెప్పుకోవాలి? చివరికి ఒక ప్లాస్టిక్ బంతిని సగానికి కోసి నెత్తిన అతికించారు.

ఇంతవరకూ బాగానే ఉంది. తిరకాసంతా బొమ్మ దగ్గర వచ్చింది.

ఏటా థర్మకోల్ బొమ్మ పెట్టేవారు. సుత్తి దిగితే అది సొట్టపోయేది తప్ప పగిలేది కాదు, జనం నవ్వేవారు. ఈసారి మట్టి బొమ్మే కావాలని రొడెల్ పట్టుబట్టాడు. మా తోటలో నీళ్ళు పెట్టే వెంకటిది జగిత్యాల వైపు, కుమ్మరి ఇంట పుట్టినవాడు. గల్ఫ్‌కు వచ్చాక మట్టి ముట్టలేదు. అడగ్గానే మొహం విప్పారింది. నారు పెంచే కుండీల మట్టిలో ఇసుక, గడ్డి పొట్టు కలిపి తొక్కి, మోకాలెత్తు ఆడమనిషిని నిలబెట్టాడు. కువైట్ ఎండ ఉండగా ఆరబెట్టడానికి వేరే ఏర్పాట్లేం కావాలి?

రొడెల్ చెప్పిందల్లా "చూస్తే భయం వెయ్యాలి" అని. వెంకటి చేతికి ఒకటే భయం తెలుసు, ఒకటే భక్తి తెలుసు. రెండూ పోచమ్మే. మంగళవారం పొద్దున స్నానం చేసి వచ్చి, బొమ్మకు పసుపు పూశాడు. బొట్టు పెట్టాడు. నిమ్మకాయ కోశాడు. అన్నిటికన్నా చివర సున్నంతో, బొగ్గుతో కళ్ళు దిద్దాడు. నేను షెడ్డులోకి అడుగుపెట్టేసరికి ఆమె నన్నే చూస్తోంది.

"ఏం చేసినావు వెంకటీ?"

"కండ్లు వెట్టిన."

"నాటకం బొమ్మకు కండ్లెందుకు పెడితివయ్యా?"

"కండ్లు వెట్టకుంట బొమ్మనెట్ల ఇడిసిపెడ్తరు? సగం పనే అయితది గద." అని తల గోక్కున్నాడు. "చెయ్యి అట్లనే పోయిందన్నా. నేను సోంచాయించలే."

ఇక చెప్పడానికేముంది! మన దగ్గర ఈ సంగతి చంటిపిల్లలకు కూడా తెలుసు. కళ్ళు దిద్దేవరకూ అది మట్టి, దిద్దాక అమ్మవారు. మధ్యలో ఇంకో మెట్టు లేదు. ఫిలిప్పీనోలు థర్మకోల్ మీద మార్కర్‌తో ఎన్ని కళ్ళు గీసినా ఎవరికీ ఏమీ కాలేదు. మావాడు మాత్రం వేషం బొమ్మ చెయ్యమంటే ఏకంగా దేవతనే దించాడు. శుక్రవారం ఆమెను సుత్తితో కొట్టాల్సినవాణ్ణి నేను.

సాయంత్రానికల్లా కబురు పాకిపోయింది. పక్క తోటల్లోని నిజామాబాద్ వాళ్ళు, కరీంనగర్ వాళ్ళు, మా కడప వాళ్ళు బెల్లమూ ఉల్లిగడ్డలూ పట్టుకుని వచ్చారు. సులైబియా గోదాములో పనిచేసే ఒకాయన ఖాళీ కూరగాయల లారీ ఎక్కి మరీ వచ్చి మొక్కిపోయాడు. ఇక్కడ మన దేవుళ్ళంతా గదుల్లో బంకు మంచాల పక్కన, ఫోన్లలో ఉంటారు. నేలమీద నిలబడి ఎదురుగా చూసే అమ్మను చూసి ఎంత కాలమైందో. వాళ్ళ మొహాలు చూస్తే నాకే ముచ్చటేసింది.

అందరికన్నా ఎక్కువగా వచ్చింది అంకాలమ్మ. మొక్కడానికి కాదు, తిట్టడానికి. మొన్న ఎండాకాలం ఊళ్ళో వాళ్ళమ్మ పోయింది. మామా చెడ్డ మనిషేం కాదు. అమ్మకు బాగాలేదని చెబితే వచ్చే నెల టికెట్ తీస్తానంది. ఆ నెల వచ్చేలోపు అమ్మ పోవడమూ, దినాలు జరగడమూ కూడా అయిపోయాయి. అంకాలమ్మ ఏడవలేదు. ఆ ఇంట్లో ఆమె ఏడుపు అర్థమయ్యేవాళ్ళు ఎవరున్నారు? వంట చేసింది, గిన్నెలు కడిగింది, వచ్చినవాళ్ళకు టీ ఇచ్చింది. ఏడవని మనిషిని చూస్తే నాకు భయం. ఇప్పుడు సాయంత్రం పని కాగానే షెడ్డులోకి వచ్చి, బొమ్మ ముందు చతికిలబడి మొదలుపెట్టేది.

"ఏమే, కండ్లు ఇంతింత పెట్టుకోని కూచున్నావే. ఆ పొద్దు యాడికి పోయినాయే ఈ కండ్లు? మా యమ్మ నా పేరు పిలిచి పిలిచి పాయ గదే. నీకు ఇనపడలేదా? చెవులు పెట్టలేదా వాడు నీకు?"

"వెట్టినక్కా" అని వెంకటి చెప్పబోతే వాడి నోరు మూసి బయటికి లాక్కొచ్చాను. అమ్మవారిని తిట్టడం మన దగ్గర తప్పేమీ కాదు. సొంతవాళ్ళనే కదా తిట్టుకునేది. తిట్టినంతసేపు తిట్టి లేచేటప్పటికి అంకాలమ్మ మొహం కాస్త తెరిపిన పడేది. ఏడుపు మాత్రం వచ్చేది కాదు.

బుధవారం ఖలీల్ వచ్చాడు. యజమాని కొడుకు, తోట వ్యవహారమంతా అతనిదే. షెడ్డులో పసుపు, అగరుబత్తుల పొగ, నిమ్మకాయలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. నాటకం బొమ్మ అని, శుక్రవారం పగలగొడతామని రొడెల్ చెప్పాడు.

"శుక్రవారం పగలగొట్టండి. ఆ తర్వాత ఇది నా తోటలో కనిపించకూడదు. ఖలాస్" అన్నాడు ఖలీల్.

అరిచి ఉంటే కాళ్ళావేళ్ళా పడేవాళ్ళం. మామూలుగా చెప్పి, టమాటాలు చూడ్డానికి వెళ్ళిపోయాడు. మామూలుగా చెప్పిన మాట మీద ఎవరి దగ్గరికి పోయి మొరపెట్టుకుంటాం?

ఆ సాయంత్రం అంకాలమ్మ నా దగ్గరికి వచ్చింది. "ఈశ్వరయ్యన్నా, ఆయమ్మ మీద సుత్తి ఎత్తితివో, ఈ జన్మకు నా చేతి సంగటి నీకు లేదు" అంది.

ఇది చిన్న బెదిరింపు కాదు. వఫ్రా మొత్తానికి సంగటి కెలకడం తెలిసిన చెయ్యి అదొక్కటే.

"నేను కొట్టకపోతే మాత్రం ఉంచుతారామ్మా? చెత్తబండిలో ఏసుకపోతారు" అన్నాను.

"ఎవురన్నా ఏసుకపోనీ. నువ్వు మనోడివి. నువ్వు కొట్టొద్దు."

రొడెల్ దగ్గరికి పోయాను. "ఈసారికి బొమ్మను కొట్టకుండా కానిచ్చేద్దామా?" అని అడిగాను.

"కొట్టకపోతే మేం క్రైస్తవులం ఎలా అవుతాం బాస్?"

"అది సరే. మీ దేవుణ్ణి ఎవడో వచ్చి పగలగొడితే మీరు ఏటా చప్పట్లు కొడతారేమయ్యా?"

రొడెల్ వేలాడుతున్న దోసతీగను దారానికి చుట్టాడు. "ఎప్పుడూ ఆలోచించలేదు. తర్వాత కోడి ఉంటుంది కదా, ఆ తొందరలో ఉంటాం" అన్నాడు. అని మళ్ళీ నా చెయ్యి పట్టుకున్నాడు. "సిటీ పక్క రిగ్గై నుంచి మా పెద్దవాళ్ళు వస్తున్నారు. ఆ దెబ్బ కోసమే ఎదురుచూస్తారు. నువ్వు కొట్టాలి బాస్." నన్ను నీళ్ళ తొట్టిలోకి మోసుకెళ్ళిన చెయ్యి అది. సరేనన్నాను.

చివరికి వెంకటిని నిలదీశాను. తెచ్చినవాడివి నువ్వే, దారి కూడా నువ్వే చెప్పు అన్నాను.

"తొవ్వ ఉన్నదన్నా" అన్నాడు. "కండ్లున్నన్ని దినాలే అమ్మ. కండ్లు తుడిస్తె మల్ల మన్నే."

"అయితే తుడువు."

"పెట్టిన చెయ్యి తుడువద్దు. ఆమెతోని చనువున్నోళ్ళు ఎవలన్న తుడిచి, పోయి రా తల్లీ అని సాగదోలాలె."

అందర్నీ అడిగాను. నిజామాబాద్ వాళ్ళు కడప వాళ్ళను చూపించారు. కడప వాళ్ళకు ఉన్నట్టుండి నీళ్ళ పంపు కట్టెయ్యాలని గుర్తొచ్చింది. చనువున్న మనిషి ఎవరో అందరికీ తెలుసు, చెప్పడానికి ఎవరికీ నోరు రావట్లేదు. వంటింటి గుమ్మం దగ్గరికి పోయి నేనే చెప్పాను. అంకాలమ్మ విన్నది. "మా యమ్మా పాయ. ఇప్పుడు ఈయమ్మను గూడా నేనే పంపల్లనా?" అంది. తలుపు వేసుకుంది.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక మినీబస్సులు వచ్చాయి. షెడ్డు నిండిపోయింది. నర్సులు, డ్రైవర్లు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు, ఇస్త్రీ చేసినట్టు తలలు దువ్వుకున్న పెద్దవాళ్ళు వరసలుగా కూచున్నారు. మా తెలుగువాళ్ళు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు. అంకాలమ్మ ఒక మూల టీలు పోస్తోంది, నా వైపు చూడ్డం లేదు.

ఓడ తీరం చేరింది, అంటే పికప్పును వెనక్కి నడిపి షెడ్డు గుమ్మానికి ఆనించారు. పరదా అంగీ కాళ్ళకు అడ్డం పడుతుండగా నేను దిగాను. నెత్తిమీద బంతి చెమటకు జారి చెవి మీదికి వచ్చింది. జనం పడీపడీ నవ్వారు. బొమ్మ చుట్టూ దీవివాళ్ళు ఈటెలతో నిలబడ్డారు. వాళ్ళ పెద్ద రొడెలే, నెత్తిన ఇల్లు దులిపే ఈకల కట్ట.

"నేను సముద్రం దాటి వచ్చాను" అన్నాను ఇంగ్లీషులో. అక్కడున్న వాళ్ళలో దాటి రానివాడెవడు? అయినా రొడెల్ భయపడినట్టు వెనక్కి తగ్గాడు. నేను సుత్తి తీసుకున్నాను. డేరా మేకులు కొట్టే అసలు సుత్తి. ఆమె ఎదురుగా నిలబడ్డాను. దేవుళ్ళతో నాకు పేచీ లేదని ఇందాక గొప్పలు పోయాను కదా. ఆ కళ్ళలోకి చూసేసరికి తెలియకుండానే చెప్పులు విడిచాను. అటు రొడెల్ నా చేతి వంక చూస్తున్నాడు. ఇటు గోడ దగ్గర మనవాళ్ళు చూస్తున్నారు. ఎవరిని పోగొట్టుకోవాలో తేలక, కళ్ళు మూసుకుని సుత్తి ఎత్తాను.

"పక్కకు జరుగు సామీ" అని వినిపించింది.

అంకాలమ్మ. టీ గిన్నె వదిలేసి, చున్నీ కొంగు తడుపుకుని వచ్చింది. ఇది కూడా నాటకమే అనుకున్నారు ఫిలిప్పీనోలు. ఈటెలు పక్కకు తీసి దారిచ్చారు. ఆమె బొమ్మ ముందు కూచుని, గడ్డం పట్టుకుంది.

"తిడితినని మనసులో పెట్టుకోవాకు. ఇంగెవుర్ని తిట్టేది నేను? ఈడ నాకెవురుండారు?" అంది నెమ్మదిగా. "మా యమ్మ కండ్లు ఎవురో మూసినారు. నీవన్నా నా చేత్తో మూస్తా. పోయి రా తల్లీ."

తడి కొంగుతో ఒక కన్ను తుడిచింది. ఆగింది. రెండోది తుడిచింది. లేచి, బొగ్గు అంటిన చేతులు చున్నీకి తుడుచుకుని నాతో అంది, "ఊఁ. కొట్టుకో ఇంగ. మన్నే అది."

కొట్టాను. రొడెల్ కోరుకున్న శబ్దమే వచ్చింది. పెంకులు నా కాళ్ళ మీద పడ్డాయి. చెయ్యి ఆడాక నోరు కూడా అలవాటు కొద్దీ ఆడింది. నేర్చుకున్న మాట బయటికి వచ్చేసింది. "వేర్ ఈజ్ యువర్ గాడ్ నౌ?"

ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పకపోవడమే నాటకం. సెలవులకు వచ్చే మామా మనవల్ని సాకి సాకి అంకాలమ్మకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చింది. తిరిగి నా మొహంలోకి చూసింది. ఈశ్వరయ్యను చూసినట్టు కాదు, ఓడ దిగిన పాద్రేనే చూసినట్టు.

"మా యమ్మ కాడికి పోయింది. నువ్వు సుత్తి ఎత్తకముందే పోయింది. నువ్వు పగలగొట్టింది మా వెంకటి తొక్కిన మన్ను" అంది.

అంతే, అక్కడే కూలబడింది. ఎండాకాలం నుంచి దాచుకున్న ఏడుపంతా వచ్చేసింది. అమ్మా అమ్మా అని నేల కొట్టుకుని ఏడ్చింది. రొడెల్ నెత్తిమీద ఈకలు తీసి పక్కన పెట్టి ఆమె పక్కన కూచున్నాడు. "మా అమ్మ పోయినప్పుడు నేనూ వెళ్ళలేదు" అన్నాడు, ఎవరితోనో తెలియదు. ముందు వరసలోని నర్సొకామె లేచి వచ్చి అంకాలమ్మ వీపు నిమిరింది. గోడ దగ్గర నిలబడ్డ మనవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నేలమీద కూచున్నారు. ఎవరూ నా ముందు మోకాళ్ళ మీద లేరు. చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు నేను నీళ్ళు చల్లి అందర్నీ క్రైస్తవుల్ని చెయ్యాలి. సుత్తి కింద పెట్టి, అందుకని నింపి ఉంచిన చెంబు అందుకున్నాను. ఆ కాలపు పాద్రేలు ఇలాంటప్పుడు ఏం చేసేవారో నాకు తెలియదు. పరదా మడిచి పట్టుకుని నేనూ పెంకుల మధ్య కూచుని, ఆ చెంబు అంకాలమ్మ చేతికిచ్చాను. ఆమె సగం తాగి, మిగతా సగం రొడెల్‌కిచ్చింది.